మూలచిత్రం ఎవరి సొత్తు?

2022 జనవరిలో అమెరికాలోని డల్లాస్ నగరంలో జరిగిన వేలంపాటలో ఒకే ఒక్క కాగితం 33 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆనాటి మారకం ధరను బట్టి అది సుమారు 25 కోట్ల రూపాయలు. 1984లో మార్వెల్ కంపెనీ వెలువరించిన ఒక పిల్లల బొమ్మల పుస్తకంలో 25వ పేజీ అది. మైక్ జెక్ పెన్సిలుతో గీయగా, జాన్ బీటీ సిరాతో దిద్దాడు. స్పైడర్‌మ్యాన్ అనే వీరుడు మొదటిసారి నల్లదుస్తులు తొడిగిన ఘట్టం అందులో వుంది. అచ్చయిన ఆ పుస్తకం మొత్తానికి అప్పటి వెల ముప్పావు డాలరు.

ఈ వార్తతో రాయలసీమ పాఠకుడికేం పని అని ఎవరైనా అడగవచ్చు. పని వుంది. తెలుగునాట అద్భుత వీరుల బొమ్మలను నెలనెలా పిల్లల చేతికి అందించిన చందమామ స్థాపకుల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవాడు. 1947 జూలైలో ఆయనా, చక్రపాణీ కలిసి ఆ పత్రికను మద్రాసులో ప్రారంభించారు. భుజాన శవం, చేత కత్తి పట్టుకుని నడిచే శంకర్ విక్రమార్కుడూ, చిత్రా గీసిన మాంత్రికులూ రాక్షసులూ, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలూ - కర్నూలు, కడప జిల్లాల్లో చదువు నేర్చిన మూడు తరాల పిల్లలకు సూపర్ హీరోలంటే వీళ్లే. ఆ బొమ్మలు అచ్చులో లక్షల ఇళ్లకు వెళ్లాయి. అచ్చుకు మూలమైన కాగితాలు మాత్రం ఎవరివి? గీసినవాడివా, గీసినందుకు డబ్బిచ్చినవాడివా, వేలంపాటలో కొన్నవాడివా, నెలనెలా చదివినవాడివా? డల్లాసు వేలంపాట మన ముందు పెడుతున్న ప్రశ్న ఇదే.

ముందుగా మూలచిత్రమంటే ఏమిటో తేల్చుకోవాలి. తైలవర్ణ చిత్రకారుడు గీసిన పటం దానికదే పూర్తయిన కృతి. దాని నకళ్లు తర్వాత పుడతాయి, పుట్టకపోయినా ఆ పటానికి లోటు లేదు. కామిక్స్ బొమ్మ సంగతి అలా కాదు. అచ్చుయంత్రం కోసమే దాన్ని గీస్తారు. అమెరికన్ కామిక్స్‌లో 1967 ప్రాంతం దాకా అచ్చుపేజీకి సుమారు రెట్టింపు కొలతలో, 12 అంగుళాల వెడల్పూ 18 అంగుళాల పొడవూ వున్న చోటులో బొమ్మలు గీసేవారు. తర్వాత ఆ కొలత 10కి 15 అంగుళాలయింది. ఒకడు పెన్సిలుతో గీస్తాడు, ఇంకొకడు సిరాతో దిద్దుతాడు, వేరొకడు సంభాషణల అక్షరాలు రాస్తాడు. రంగుల పని మరొకరిది, అది మూలకాగితం మీద కాకుండా వేరే నకలు మీద జరుగుతుంది. ఇంతమంది చేతులు తిరిగిన కాగితాన్ని కెమెరాతో తీసి, రేకుకెక్కించి, లక్షల ప్రతులు అచ్చువేస్తారు. పాఠకుడి చేతికందిన పుస్తకమే ఇక్కడ పూర్తయిన కృతి. మూలకాగితం దానికి మెట్టు. మన పత్రికల్లోనూ ఆనాటి పద్ధతి ఇంతే. బొమ్మను ఫోటో తీసి జింకు రేకు మీద బ్లాకు చేయించేవారు. బ్లాకు తయారయ్యాక కాగితంతో అచ్చాఫీసుకు పని తీరిపోయేది.

అటువంటి కాగితం మీద అచ్చులో కనిపించనివెన్నో కనిపిస్తాయి. సిరా కింద చెరిపీ చెరపని పెన్సిలు గీతలుంటాయి. తప్పును కప్పిన తెల్లరంగు మచ్చలుంటాయి. సంపాదకుడు అంచుల్లో రాసిన ఆదేశాలుంటాయి. మాట మార్చవలసి వచ్చినప్పుడు పాతదాని మీద అంటించిన ముక్కలుంటాయి. అచ్చుపుస్తకంలో వీరుడు ఆకాశంలో అవలీలగా ఎగిరిపోతాడు. మూలచిత్రంలో ఆ ఎగిరే చేతిని చిత్రకారుడు ఎన్నిసార్లు దిద్దుకున్నాడో తెలుస్తుంది. అచ్చులో మాయమైన శ్రమ మూలంలో బయటపడి వుంటుంది. మూలచిత్రాలకు కళాదృష్టితో విలువనిచ్చేవాడు దీనికే ఇవ్వాలి.

వేలంపాటలో ధర పలికేది దీనికేనా? వాల్టర్ బెంజమిన్ 1930లలో, యంత్రంతో నకళ్లు తీయగల కాలంలో కళాఖండం గతి ఏమిటని విచారించాడు. ఒక్కటిగా, ఒక్కచోట, ఒక సంప్రదాయపు నీడలో వుండే పటానికి పూజామూర్తి చుట్టూ వున్నటువంటి ప్రభ వుంటుందనీ, నకళ్లు పెరిగేకొద్దీ ఆ ప్రభ తరిగి కళ జనసామాన్యానికి దగ్గరవుతుందనీ ఆయన వాదన. కామిక్స్ పుస్తకం, చందమామ సంచిక ఈ మాటకు మంచి నిదర్శనాలు. అచ్చయిన ప్రతుల్లో ఏది అసలు, ఏది నకలు అన్న ప్రశ్నే లేదు. పొట్టిపాడులో చదివిన ప్రతీ మద్రాసులో చదివిన ప్రతీ సమానం. అయితే బెంజమిన్ చూసిన దానికి ఒక తరువాయి వుంది. ప్రభ నశించిన చోట పెట్టుబడి ఊరుకోలేదు. నకళ్లన్నీ సమానమైపోయినప్పుడు అది వెనక్కి నడిచి, మెట్టుగా మాత్రమే పనికొచ్చిన కాగితాన్ని వెతికి పట్టుకుని, పోయిన ప్రభను దానికి తగిలించింది. ఒకే ఒక్కటి అన్న మాటకు ధర కట్టడం దానికి చేతనైన విద్య.

ఈ ధర ఎక్కడినుంచి పుట్టిందో చూద్దాం. ఒక చిత్రకారుడు ఎంతో నైపుణ్యంతో వీరుని బొమ్మ గీసి పెట్టెలో దాచుకున్నాడనుకుందాం. అది ఎక్కడా అచ్చుకాలేదు, ఎవరూ చూడలేదు. దాన్ని 25 కోట్లకు ఎవరూ కొనరు. నల్లదుస్తుల స్పైడర్‌మ్యాన్ పేజీకి ఆ ధర పలకడానికి కారణం, ఆ పేజీ నకళ్లను లెక్కలేనంత మంది పిల్లలు ముప్పావు డాలరు పెట్టి కొనుక్కుని, చేతులు మార్చుకుని, గుర్తుపెట్టుకోవడం. శంకర్ విక్రమార్కుడి మూలచిత్రాన్ని ఎవరైనా గొప్ప ధరకు కొనదలిస్తే, ఆ ధర కూడా ఆ కాగితంలో పుట్టింది కాదు. చదివిన ఇళ్లన్నిటిలో పుట్టింది. మూలచిత్రం ధర నకళ్లనుంచి వస్తుంది. గీసినవాడి శ్రమా, చదివినవారి ఆదరణా కలిసి సృష్టించిన విలువ అది. సృష్టి ఇంతమందిది, అనుభవం ఒక్కడిది. సామాజికంగా ఉత్పత్తి అయినదాన్ని వ్యక్తి స్వాయత్తం చేసుకోవడమన్న పాత సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అమెరికన్ కామిక్స్ చరిత్ర ఈ సూత్రాన్ని అడుగడుగునా రుజువు చేస్తుంది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు 1938 మార్చిలో సూపర్‌మ్యాన్ మీది హక్కులన్నిటినీ 130 డాలర్లకు కంపెనీకి రాసిచ్చారు. ఆ వీరుడి మీద కంపెనీ కోట్లు గడించింది. 1970ల నడుమకు వచ్చేసరికి సీగెల్ గుమాస్తా పనితో పొట్టపోసుకుంటున్నాడు, షుస్టర్‌కు చూపు మందగించింది. తోటి చిత్రకారులు, పత్రికలు గొంతెత్తిన తర్వాత 1975 డిసెంబరులో కంపెనీ వాళ్లకు ఏడాదికి చెరి 20 వేల డాలర్ల భత్యం ఇవ్వడానికి ఒప్పుకుంది. 2012లో ఒక వింత జరిగింది. సీగెల్, షుస్టర్‌లకు 1938లో ఇచ్చిన చెక్కు కాగితం, అంటే ఆ 130 డాలర్లు చేరివున్న 412 డాలర్ల చెక్కు, వేలంపాటలో లక్షా 60 వేల డాలర్లకు పోయింది. కళాకారుల్ని నిలువునా ముంచిన బేరం తాలూకు రసీదు కూడా సరుకైపోయింది. ఆ ధరలో వాళ్లకు గాని, వాళ్ల వారసులకు గాని దక్కవలసిన వాటా గురించి సంత ఆలోచించదు.

మూలచిత్రాల సంగతికి వస్తే జాక్ కర్బీ ఉదంతం తెలుసుకోవాలి. 1960లలో మార్వెల్ కంపెనీకి పేరు తెచ్చిన వీరుల్లో చాలామందిని కాగితం మీదికి తెచ్చిన చేయి ఆయనది. ఆ రోజుల్లో కంపెనీలు మూలచిత్రాలను చెత్తకింద జమకట్టేవి. కొన్నిటిని ముక్కలు చేసి పారేశారు, కొన్నిటిని చూడవచ్చినవారికి ఊరికే ఇచ్చారు, కొన్ని గోదాముల నుంచి దొంగతనంగా మాయమయ్యాయి. నీల్ ఆడమ్స్ మొదలైన చిత్రకారులు పట్టుబట్టిన మీదట 1970లలో బొమ్మలను గీసినవారికి తిరిగి ఇచ్చే ఆనవాయితీ మొదలయింది. కర్బీ వంతు వచ్చేసరికి 1984లో కంపెనీ ఇతరులకు పంపిన ఒక పేజీ పత్రం కాక, ఆయన ఒక్కడికే నాలుగు పేజీల పత్రం పంపి, ఎన్నో షరతులకు ఒప్పుకుని సంతకం చేస్తేనే బొమ్మలిస్తానంది. పైగా ఇస్తానన్నవి 88 పేజీలు. చిత్రకారులు, పాఠకులు బహిరంగంగా నిరసించారు. 1987లో ఆయన చేతికి వచ్చినవి సుమారు 1,900 పేజీలు. ఆయన ఆ కంపెనీకి గీసినవి పదివేలకు పైమాటే. మిగిలినవి అప్పటికే ఎన్నెన్నో చేతులు మారాయి. వాటిలో కొన్ని ఈనాటికీ వేలంపాటల్లోకి వస్తుంటాయి. చెత్త అనుకున్నంత కాలం కాగితం ఎవరిదో ఎవరికీ పట్టలేదు. ధర పుట్టిన నాడు గీసినవాడు సంతకం చేసి బతిమాలుకోవలసి వచ్చింది.

ఇక్కడ మనవాళ్లు కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. ఈ సూపర్ హీరోలు పెట్టుబడిదారీ సమాజానికి కాపలాదారులు, విక్రమార్కుడు భూస్వామ్యపు రాజు, వీళ్ల బొమ్మలు ఎవరికి చెందితే మనకేమని. ఈ అభ్యంతరం సగం నిజం. సూపర్‌మ్యాన్ తర్వాతి కాలంలో బ్యాంకు దొంగల్ని పట్టి పోలీసులకు అప్పగించే ఉద్యోగంలో కుదిరిపోయాడు. కాని మొదటి సంచికల్లో ఆయన వేరు. 1938 ఆగస్టు నాటి మూడో సంచికలో ఒక గనిలో ప్రమాదం జరుగుతుంది. సూపర్‌మ్యాన్ గని కార్మికుడి వేషం వేసుకుని, జాగ్రత్తలు తీసుకోని యజమానినీ, విందుకు వచ్చిన అతని అతిథులనూ అదే గనిలోకి దింపి, దారి మూసేసి, కార్మికుడి బతుకెంత సుఖమో రుచి చూపిస్తాడు. మంగంపేట ముగ్గురాయి గనులూ, బేతంచెర్ల నాపరాయి క్వారీలూ ఎరిగిన పాఠకుడికి ఈ కథను విడమరిచి చెప్పనక్కరలేదు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో పేద వలస కుటుంబాల నుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ల కోపం అది. వస్తువుపై యజమాని పట్టు బిగిసేకొద్దీ ఆ కోపం చల్లారింది. గీసినవాడికి తన గీత మీద హక్కు లేనప్పుడు కథకు ఏ గతి పడుతుందో చెప్పడానికి సూపర్‌మ్యాన్ బతుకే సాక్ష్యం. హక్కు ప్రశ్ననూ, వస్తువు ప్రశ్ననూ విడదీసి చూడలేము.

విక్రమార్కుడి కథ రాజుగారి కథే. కాని దాన్ని నెలనెలా సరళమైన తెలుగులో పిల్లలకు అందించిన సంపాదకవర్గంలో 1952 నుంచి 1980లో చనిపోయేదాకా పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు ఎటువంటి రచయితో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. ఆయన పేరు సంపాదకుడుగా అచ్చయ్యేది కాదు. తోకచుక్క మొదలుకుని దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ల మీద రచయిత పేరు వుండేది కాదు. బొమ్మల మూలల్లో మాత్రం చిత్రా అనీ, శంకర్ అనీ, వపా అనీ సంతకాలుండేవి. వాళ్ల గీతను పిల్లలు పేరుతో సహా గుర్తుపట్టేవారు. అమెరికాలో ఎన్నో ఏళ్లు చిత్రకారుల పేర్లు దాచిపెట్టిన కంపెనీలతో పోలిస్తే ఇది మేలే. బ్యాట్‌మ్యాన్ సృష్టిలో భాగస్వామి బిల్ ఫింగర్ పేరును కంపెనీ అధికారికంగా వేసింది 2015లో. అప్పటికి ఆయన చనిపోయి నలభై ఏళ్లు దాటింది. అయితే సంతకం పెట్టే వీలు వేరు, సొత్తు మీద హక్కు వేరు.

చందమామ పత్రిక చేతులు మారిన తీరు చూస్తే ఈ తేడా ఎంత ముఖ్యమో బోధపడుతుంది. 1998లో పత్రిక ఆగి, ఏడాది తర్వాత మళ్లీ వచ్చింది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొన్నది. కొన్నేళ్లకే ఆ కంపెనీ అప్పుల్లో మునిగి న్యాయస్థానంలో మూసివేతకు వచ్చింది. పత్రిక ముద్రణ కూడా ఆగిపోయింది. సుమారు ఆరు దశాబ్దాలు గీసిన శంకర్ 2020 సెప్టెంబరులో తన 97వ ఏట మరణించాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. చిత్రా 1978లోనూ, వడ్డాది పాపయ్య 1992లోనూ పోయారు. ఒక జాతి బాల్యానికి రూపురేఖలు దిద్దిన బొమ్మలు, వాటితో ఏ అనుబంధమూ లేని ఒక వ్యాపారసంస్థ లెక్కల పుస్తకంలో ఆస్తుల పద్దు కింద పడిపోగలవన్నమాట. దీన్ని ఒక సంస్థ చెడ్డతనంగా చూస్తే పొరపాటు. బొమ్మను సరుకుగా మాత్రమే గుర్తించే ఏర్పాటులో ఎవరి చేతిలో పడినా జరిగేది ఇదే.

మన చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, పత్రికలో జీతానికి పనిచేసే కళాకారుడు ఆ పత్రిక కోసం గీసిన బొమ్మను పత్రికలో అచ్చువేసుకునే హక్కు యజమానిది. వేరే ఒప్పందం లేనప్పుడు మిగిలిన అన్ని విషయాల్లోనూ కాపీరైటుకు మొదటి హక్కుదారు గీసినవాడే. ఈ సంగతి మన చిత్రకారుల్లో ఎందరికి తెలుసో ఆలోచించండి. 1994లో ఈ చట్టానికి 53-ఏ అనే సెక్షను చేర్చారు. మూలచిత్రం గాని, మూల వ్రాతప్రతి గాని పదివేల రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడుపోతే, మొదటి హక్కుదారైన కళాకారుడికీ, ఆయన తర్వాత వారసులకూ ఆ ధరలో వాటా వుంది. అది పది శాతానికి మించకూడదు. కాపీరైటు చెల్లినంత కాలం, అంటే కళాకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఈ హక్కు వుంటుంది. ఆ లెక్కన చిత్రా బొమ్మల విషయంలో 2038 చివరి దాకా, వపా బొమ్మల విషయంలో 2052 చివరి దాకా, శంకర్ బొమ్మల విషయంలో 2080 చివరి దాకా.

ఇటువంటి హక్కును ఫ్రాన్సు 1920లోనే చట్టంలో పెట్టింది. మన చట్టంలో అది వుండడం మంచిదే. కాని దానికున్న లోపాలను చూడకుండా వుండలేము. పది శాతమన్నది గరిష్ఠ పరిమితి, కనీస హామీ కాదు. వాటా ఎంతో తేల్చుకోవడానికి కళాకారుడే అధికారుల గుమ్మమెక్కాలి. మొదటి హక్కుదారుకే వాటా అనడం వల్ల జీతానికి గీసినవాడి సంగతి మళ్లీ వాదోపవాదాలకే వదిలినట్టయింది. ఎవరి శ్రమ ఎక్కువగా దోపిడీకి గురయిందో వాళ్ల హక్కే సందేహంలో పడింది. పాఠకుడి హక్కు ఊసు చట్టంలో లేనే లేదు.

ఇక సేకర్తల గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. కంపెనీలు చెత్తలో పారేసిన కాగితాలను ఏరుకొచ్చి, చెదలు పట్టకుండా దాచినవారు సామాన్య పాఠకులే. వాళ్లకు లాభం మీద చూపు లేదు, ఎందుకంటే అప్పటికి లాభమే లేదు. వాళ్లు లేకపోతే ఈనాడు చర్చించుకోవడానికి బొమ్మలే మిగిలేవి కావు. మన దగ్గర పాత చందమామలను పెట్టెల్లో దాచి, ఒక్కొక్క పేజీ స్కాన్ చేసి పదిమందికీ పంచిపెట్టినవారిదీ ఇదే కోవ. ప్రేమతో దాచేవాడికీ, ధర పెరిగేదాకా బీరువాలో బిగించేవాడికీ తేడా వుంది. చిక్కేమిటంటే, సంత పెద్దదయ్యేకొద్దీ మొదటివాడు రెండోవాడికి అమ్మక తప్పని స్థితి వస్తుంది. పిల్ల పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అమ్ముకున్న సేకర్తను తప్పుపట్టలేము. వ్యక్తి మంచితనం మీద సంస్కృతి రక్షణను వదిలేయడమే తప్పు.

సంత దారి ఒక్కటే కాదని చూపడానికి ఉదాహరణలున్నాయి. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1962 నాటి పుస్తకానికి స్టీవ్ డిట్కో గీసిన 24 మూలచిత్రాలనూ 2008లో పేరు చెప్పని దాత ఒకరు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసుకు ఉచితంగా ఇచ్చారు. వేలంపాటలో పెడితే వాటికి ఎంత ధర పలికేదో వూహించవచ్చు. ఇప్పుడు విద్యార్థి ఎవరైనా అనుమతి తీసుకుని వెళ్లి వాటిని చూడవచ్చు. డిట్కో మాత్రం తన పాత పేజీలను అమ్మకానికి పెట్టకుండా, కాగితాలు కోసుకునేటప్పుడు కింద అడ్డుగా వాడుకున్నాడని ఆయన్ని కలిసినవారు రాశారు. అచ్చయిన పుస్తకమే తన కృతి, మూలకాగితానికి దణ్ణం పెట్టనక్కరలేదన్న భావం అందులో వుంది. ఆయన రాజకీయ భావాలు మనకు పూర్తిగా విరుద్ధమైనవే అయినా, ఈ ఒక్క విషయంలో ఆయన సంతకు పెట్టిన చురక గమనించదగింది.

పరాయి దేశం దాకా వెళ్లనక్కరలేదు. సేకరణ అంటే ఏమిటో కడపకు రెండు వందల ఏళ్లనాడే తెలుసు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, చెదలకు ఆహుతవుతున్న తాళపత్రాలను తెప్పించాడు. బ్రౌన్ తెల్లదొరల కొలువులోని ఉద్యోగి. ఆ పాలన మన ప్రజలకు చేసిన ద్రోహాన్ని మరచిపోనక్కరలేదు. కాని ఆయన సేకరణ పద్ధతిలో నేర్చుకోవలసింది వుంది. ఏ కావ్యానికైనా ఒక్క ప్రతి దొరికితే చాలునని ఆయన బీరువాకు తాళం వేయలేదు. ఎన్నో ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతి రాయించి, వీలైనవి అచ్చుకెక్కించాడు. వేమన పద్యాలు 1829లో అలా అచ్చయ్యాయి. ఆయన దృష్టిలో మూలప్రతి విలువ అది పుట్టించబోయే నకళ్లలో వుంది. డల్లాసు సంత చేస్తున్న దానికి ఇది సరిగ్గా తలకిందులు. ఆ బంగళా స్థలంలోనే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారి ఎడతెగని కృషి వల్ల, ప్రజల చందాలతో లేచిన బ్రౌన్ గ్రంథాలయం 1995లో తెరుచుకుంది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమయింది.

కర్నూలుది మరొక పాఠం. అక్కడ పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లి వచ్చినవాడు. తర్వాతి జీవితంలో ఎంతో భాగం గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ పెట్టాడు. పుస్తకం కొనలేనివాడికి పుస్తకం మీద హక్కు లేదా అన్నది ఆ ఉద్యమం వేసిన ప్రశ్న. గ్రంథాలయంలో ఒక్క ప్రతిని వందమంది చదివితే వందమందిదీ అవుతుందన్నది అది చెప్పిన సమాధానం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాము. ఆ డబ్బుతో నడవవలసిన సంస్థలు పుస్తకాల కొట్లుగా మాత్రమే మిగలాలని ఎక్కడా లేదు.

ఇక్కడ మరో సందేహం రావచ్చు. పాత సంచికలు స్కాన్ రూపంలో దొరుకుతున్నప్పుడు మూలకాగితాలెందుకు? నకళ్లు చాలని మీరే అంటిరి కదా? చదువరికి నకళ్లు చాలు. గీత నేర్చుకునేవాడికి చాలవు. సిరాగీత ఎక్కడ సన్నబడింది, ఎక్కడ బరువెక్కింది, తెల్లరంగుతో ఏది దిద్దారు, గుర్రపు కాలిని మొదట ఏ వైపు గీసి తర్వాత ఎందుకు మార్చారు - ఇవి మూలం మీదనే తెలుస్తాయి. 2020లో కడపలో లలితకళలకు ఒక విశ్వవిద్యాలయమే ఏర్పడింది. అక్కడ చదువుకుంటున్న రైతు బిడ్డలు, కూలి బిడ్డలు పారిస్ చిత్రశాలల పేర్లు వల్లించడం కన్నా ముందు, తమ తల్లిదండ్రులకు తెలిసిన బొమ్మలను గీసిన చేతుల శ్రమను దగ్గరినుంచి చూడాలి. మూలచిత్రం గొప్పతనం దాని ఒంటరితనంలో లేదు. అందులో శ్రమ దాగకుండా వుంటుంది, అందువల్ల అది పాఠం చెప్పగలదు. బీరువాలో వున్న పాఠం ఎవరికీ అందదు.

అందువల్ల ఉపాధ్యాయులూ విద్యార్థులూ పూనుకుని చేయవలసిన పనులు కొన్ని వున్నాయి. పాత తెలుగు పత్రికల మూలచిత్రాలు ఏవి, ఎవరివి, ఎక్కడ వున్నాయో ఒక బహిరంగ జాబితా తయారుకావాలి. దాచినవారి పేర్లు బయటపెట్టనక్కరలేదు, బొమ్మల వివరాలుంటే చాలు. బొమ్మలు గీసేవారు పత్రికలతో, ప్రచురణ సంస్థలతో రాసుకునే ఒప్పందాల్లో మూలకాగితం గీసినవారికే తిరిగి రావాలన్న షరతు వుండేలా రచయితల, చిత్రకారుల సంఘాలు పట్టుబట్టాలి. 53-ఏ సెక్షను కింది వాటా జీతానికి గీసినవారికి కూడా వర్తించేలా, దానికి కనీస పరిమితి వుండేలా సవరణ కోరాలి. బ్రౌన్ గ్రంథాలయంలోనో, విశ్వవిద్యాలయంలోనో ఒక చిత్రశాల పెట్టి, చిత్రకారుల వారసులకు తగిన ప్రతిఫలమిచ్చి మూలాలను ప్రజల పేరిట కొనాలి. కొన్న ప్రతి బొమ్మకూ మంచి నకళ్లు తీసి జిల్లా గ్రంథాలయాలకు పంపాలి.

ఇందులో ఏదీ అసాధ్యం కాదు. ఒక వేలంపాటలో ఒక్క కాగితానికి పోసిన డబ్బులో పదోవంతుతో ఇటువంటి చిత్రశాల మొదలుపెట్టవచ్చు. బొమ్మను గీసింది కూలికి పనిచేసిన చేయి. దాన్ని గొప్పది చేసింది అప్పు తెచ్చుకున్న సంచికను వంతులవారీగా చదువుకున్న ఊళ్లు. ఆ ఇద్దరికీ దక్కవలసింది దక్కాకనే మిగిలినవారి వంతు.